మా పండడం, మీ పండడం

సిస్టరమ్మను చంపింది మతిమరుపు కాదు. రిమోట్ కార్ల క్లబ్బువాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టిన మాట అబద్ధం. "వయసు పైబడిన మన సిస్టరమ్మగారు చార్జింగులో పెట్టిన బ్యాటరీని మరిచిపోవడం వల్ల ఈ దుర్ఘటన జరిగింది" అని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆమె పోయింది మంగళవారం పొద్దున. బుధవారం సమాధి చేశాం. ఆ మట్టి ఆరకముందే తప్పు ఆమె మీద రాసేశారు. రాసినాయనకు నిజం తెలుసు. నాకూ తెలుసు. ఇది చదివాక మీకూ తెలుస్తుంది.

వారం వారం ఈ వార్తల కాగితం మన చుట్టుపక్కల తెలుగిళ్లకు వస్తుంది కాబట్టి ఆమెను ఎరిగినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. కె.ఆర్.పురం స్టేషను వెనక సందులో కింది వాటా ఆమెది, పై గది నాది. వయసులో ఉండగా నర్సు ఉద్యోగానికి ఒంగోలు వైపు నుంచి బెంగళూరు వచ్చి, ఇక్కడి వార్డుల్లోనే జుట్టు నెరిసిన మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మగాళ్ల వార్డులో డ్యూటీ చేశాక ఇంట్లో ఇంకొకణ్ణి పెట్టుకునే ఓపిక ఉంటుందా?" అనేది. మీ ఇళ్లలో చాలామందికి ఆమె సూది వేసింది. కట్లు కట్టింది. డబ్బులిస్తే తిట్టింది.

నేను బొమ్మసంద్రలో ప్లాస్టిక్ సామాన్లు పోతపోసే మెషీను నడుపుతాను. మావాళ్లు ఇక్కడి నగర్తపేటలో తాతల కాలం నుంచి ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, రాయడం ఎవరికీ రాదు. నేను పదో తరగతి దాకా చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు సిస్టరమ్మ గోడ మీది చర్చి క్యాలెండరు చూసి నేనే నేర్చుకున్నాను. కాబట్టి అక్షరాల్లో తప్పులుంటే ఉండనివ్వండి. చెప్పే సంగతిలో తప్పు లేదు.

పై గదిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఆమెను మొదట చూసింది సందు మొదట్లోనే. డ్యూటీ దిగి వస్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ, చేతిలో రిమోట్. ఎదురుగా గుంతలో ఒక చిన్న కారు వెల్లకిలా పడి చక్రాలు గిరగిరా తిప్పుకుంటోంది.

"అబ్బాయ్, దాన్ని కాస్త సరిగ్గా నిలబెట్టు."

"ఇది బొమ్మనా?"

"బొమ్మ నీ మొహం. రోడ్డు కారు. టూరింగ్ కారంటారు దీన్ని. నున్నటి రోడ్డు మీద రయ్యిమని పోతుంది."

"ఈ సందులో నున్నటి రోడ్డు యాడుండాది?"

"అదే కదరా నా ఏడుపు! రోడ్డును నేను మార్చలేను. కారునే మార్చాలి. నువ్వేం పని చేస్తావు?"

చెప్పాను. ఆమె కళ్లు ఎలా మెరిశాయో నాకింకా గుర్తుంది. ఆ సాయంత్రమే నా చేతిలో టీ గ్లాసు పెట్టి, ఊడదీసిన కారు ముందు కూర్చోబెట్టింది.

ఆ కారు ఆమెకు ఎముకల వార్డులో దొరికింది. కాలు విరిగి పడుకున్న ఒక కుర్రాడు మంచం మీద నుంచే దాన్ని వార్డు నున్నటి గచ్చు మీద తోలేవాడట. డాక్టరు కేకలేస్తే సిస్టరమ్మ మంచం కిందికి తోయించి దాచిపెట్టేది. వెళ్లేటప్పుడు ఆమెకే ఇచ్చిపోయాడు. రిటైరయ్యాక గచ్చు పోయింది, కారు మిగిలింది. ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కన ఇళ్లు కట్టని లేఅవుట్లలో, మట్టిలో, రాళ్లలో ఇలాంటి కార్లతో ర్యాలీ పందేలు పెట్టే క్లబ్బు ఒకటుందని ఎవరో చెప్పారు. అంతే, రోడ్డు కారును మట్టి కారు చేయాలని పట్టు పట్టింది.

"టూరింగ్ కారు కింద చిటికెనవేలు దూరదు. ర్యాలీ కారు కింద ఎలుక పరిగెత్తాలి." ఇది ఆమె మొదటి పాఠం. నాలుగు చక్రాల దగ్గరా కుదుపు తగలకుండా ఆపే గొట్టాలను తీసి పొడవైనవి వేశాం. వాటిని పట్టుకునే దిమ్మెలను మా మెషీను దగ్గర పారేసే ప్లాస్టిక్ ముక్కల్లోంచి నేను కోసి తెచ్చాను. గట్టి స్ప్రింగులు తీసి మెత్తవి పెట్టాం. కారు ఒరగకుండా అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని ఊడబెరికించింది. "పట్టీ విప్పేయ్. గతుకుల్లో ఏ కాలు ఆ కాలే ఆడాలి." నున్నటి టైర్లు పోయి బొడిపెల టైర్లు వచ్చాయి. మోటారు కొసన ఉండే పళ్లచక్రం చిన్నది వేశాం. పరుగు తగ్గింది, లాగే బలం పెరిగింది.

మిగతా క్లబ్బువాళ్లు అంగట్లో కొనేవి ఆమె తన పాత ట్రంకుపెట్టెలోంచి తీసేది. ఆపరేషను గ్లవుజు వేళ్లు కత్తిరించి రిమోట్ సిగ్నలందుకునే డబ్బాకు తొడిగేది, నీళ్లు పోకుండా. మోటారు గాలి రంధ్రానికి దుమ్ము పట్టకుండా గాజుగుడ్డ. కుదుపు గొట్టాల్లో నూనె పోయడానికి సిరంజి.

"మెల్లిగా తొయ్యి. బుడగ ఉండకూడదు. నరంలోకి గాలి పోతే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతాది?"

"ఆ తర్వాత రోగి నిన్ను ఏమీ అడగడు."

కారు అడుగున రాళ్లు తగలకుండా ఒక రేకు ఉండాలి. దానికి ఆమె వాడేది పాత ఎక్స్‌రే ఫిల్ములు. మందంగా ఉంటాయి, వంగుతాయి, విరగవు. ట్రంకులో కట్టలు కట్టలుగా ఉండేవి. ఒకరోజు కారును తిరగేసి వెలుతురుకు పెడితే అడుగున ఎవరివో పక్కటెముకలు కనిపించాయి.

"ఇది ఎవురిది సిస్టరమ్మా?"

ఆమె కత్తెర ఆపకుండానే అంది. "వాళ్లకిక అవసరం లేదులే. పెట్టు, స్క్రూ బిగించు."

ఆ రోజు ఒళ్లు జలదరించింది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు మళ్లీ జలదరిస్తోంది.

ఆమెను దేవత అని రాయడానికి నేను కూర్చోలేదు. పందెంలో ఆమె మహా పెంకి. కార్లు బయల్దేరే గీత దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆమెన్ అన్న మరుక్షణం పక్క కారును గుద్దేది. "ప్రార్థన నా కారుకి. వాడి కారుకి వాడు చేసుకోవాలి" అని వాదించేది. ఓడిపోతే దారంతా నాతో మాట్లాడేది కాదు. ఆటో ఎక్కేటప్పుడు కారునే ముందు ఎక్కించి, నన్ను తర్వాత పిలిచేది. ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చి సలహా అడిగితే సగం తప్పు చెప్పేది, పందెంలో తనకు పోటీ అని. దారిలో వాళ్ల మొహాలు తలుచుకుని నవ్వేది. ఆ నవ్వుకి దగ్గు వచ్చేది కాదు, అప్పట్లో.

ఒక్క బ్యాటరీ దగ్గర మాత్రం ఆమె ఆట ఆడలేదు. "ఈ కారులో ప్రాణమున్నది ఇదొక్కటే. ప్రాణం తీసేదీ ఇదొక్కటే" అనేది. ఈ రకం బ్యాటరీలు మెత్తటి పొట్లాల్లా ఉంటాయి. పాడైతే లోపల గాలి పట్టి ఉబ్బుతాయి. అలాంటిదాన్ని చార్జింగులో పెడితే పగిలి మండుతుంది. నీళ్లు పోసినా సులువుగా ఆరదు. ఆ పొగ మామూలు పొగ కాదు. అందుకే ప్రతి పందెం అయ్యాక ఆమె బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కేది. వార్డులో రోగి కాలివాపు చూసేది అలాగేనట. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకునేది. "తియ్యటి వాసన వస్తే అక్కణ్ణుంచి లేచిపో. పనసపండు మాగినట్టు వస్తుంది. బాగుందని పీల్చావో, అంతే."

ఉబ్బినదాన్ని ఆమె క్రేప్ బ్యాండేజీతో చుట్టి, వరండాలో ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, పైన మూకుడు మూసేది. తర్వాత ఉప్పునీళ్ల బకెట్లో ముంచి చంపేది. కుండలో పెట్టేటప్పుడు ఒకే మాట అనేది.

"ఇది పండింది."

ఇక్కడే అసలు సంగతి ఉంది. దయచేసి ఆగి చదవండి.

నేను కొత్తగా చేరినప్పుడు ఒకసారి ఆ మాట విని, కుండలోంచి బ్యాటరీ తీసి చార్జరు తీగ తగిలించబోయాను. ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు వేళ్ల అచ్చులు పడ్డాయి.

"పండిందని చెప్పానా లేదా?"

"చెప్పితిరి గదా! పండినాది అంటిరి, అందుకే పెడతా ఉండాను!"

అసలు సంగతి అప్పుడు తేలింది. మా ఇంట్లో పండడమంటే పడుకోవడం. "పాప పండిందా?" అని మా అవ్వ అడిగితే నిద్రపోయిందా అని. క్లబ్బులో మా పేట తెలుగువాళ్లు ఎక్కువ. మంచి బ్యాటరీని సగం చార్జితో పక్కన పెట్టడాన్ని వాళ్లంతా పండబెట్టడం అంటారు. పండిన బ్యాటరీ అంటే హాయిగా నిద్రపోతున్న బ్యాటరీ. లేపి చార్జి పెట్టుకోవచ్చు.

సిస్టరమ్మకు పండడం అంటే కురుపు పండడం. చీము పట్టి, చర్మం సాగి, తాకితే పగిలేట్టు ఉండడం.

అప్పుడామె నవ్విన నవ్వు! స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. "ఒకే తెలుగేంట్రా మనది? నీ తెలుగులో నిద్ర, నా తెలుగులో చీము!" ఆనాటి నుంచి నాకు చెప్పేటప్పుడు వెనక ఒక మాట తగిలించేది: "పండిందిరా అబ్బాయ్. మా పండడం, మీ పండడం కాదు." అది మా ఇద్దరి హాస్యం అయిపోయింది. నేను డ్యూటీ దిగి అలిసిపోయి మెట్ల మీద జారగిలబడితే, "ఏంటి, పండావా? మీ పండడమేనా?" అని అడిగేది.

ఆ తోక ఆమె నాకొక్కడికే తగిలించేది. క్లబ్బు సెక్రటరీకి తగిలించలేదు. ఆ అవసరం రాలేదు, ఆ ఆదివారం దాకా.

సెక్రటరీగారు మీకూ తెలిసే ఉంటారు. పాతపేటలో అంగడి. కార్లు, విడిభాగాలు, బ్యాటరీలు అమ్ముతారు. మా వాళ్లే, మా మాటే. మంచివారని నేనూ అనేవాణ్ణి. ఈ మధ్య ఆయన అంగట్లోకి కొత్త రకం బ్యాటరీలు వచ్చాయి, నీలం తొడుగువి. క్లబ్బులో చాలామంది కొన్నారు. సిస్టరమ్మ రెండు కొంది. కొన్నాళ్లకే ఆ రెంటికీ వాపు మొదలైంది. ఆమె ఒకదాని తొడుగు అంచును గోరుతో లేపి నాకు చూపించింది. నీలం తొడుగు కింద ఇంకో తొడుగు ఉంది, పాతది, చిరిగింది.

"పాత రోగికి కొత్త దుప్పటి కప్పారు" అంది.

పందెం దగ్గర ఆయన్ని పక్కకు పిలిచి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"మీ సరుకు వాస్తోందయ్యా. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించు."

"సుమ్మనె, ఊరికూరికే భయపడతారు సిస్టరమ్మా మీరు. స్వల్ప ఉబ్బితే ఏమవుతాది? ఎండకి ఎవురైనా ఉబ్బుతారు, నన్ను చూడండి!" అని తన పొట్ట తట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"పొట్టకి నిప్పంటుకోదు" అంది ఆమె.

"సరే, మీ ఇంటికి వస్తినంటే చూపించండి, చూస్తాను."

ఆ మాట నమ్మింది. అందుకే వాటిని ఉప్పునీళ్లలో ముంచలేదు. బ్యాండేజీ చుట్టి కుండలోనే ఉంచింది, ఆయనొస్తే చూపిద్దామని. వరండా దాటినప్పుడల్లా నాకు ఆ కుండ మీదికే కన్ను పోయేది. "పారేద్దాం సిస్టరమ్మా" అన్నాను. "సాక్ష్యం పారేస్తారా ఎవరైనా?" అంది. ఆ రోజుల్లో వరండాలో పనసపండు వాసన సన్నగా వచ్చేది. వీధిలో ఎవరో పండ్లబండి ఆపారనుకుని పిల్లలు తొంగిచూసేవాళ్లు.

ఆ ఆదివారం నాకు డ్యూటీ. ఆమె చర్చి నుంచి వచ్చి వంట మొదలుపెట్టింది. సెక్రటరీగారు వచ్చారు. వచ్చే ర్యాలీకి ఆమె కారునొకసారి తోలి చూడాలని ఆయన సరదా. బ్యాటరీల సంగతి ఆయనకు గుర్తే లేదు. ముందుగదిలో నిలబడి, వంటింట్లో ఉన్న ఆమెను కేకేసి అడిగారు, బ్యాటరీలు ఎక్కడున్నాయని. కుక్కరు కూస్తోంది. ఆయన తన సరుకు చూడ్డానికే వచ్చాడనుకుని ఆమె లోపలి నుంచే అరిచింది.

"వరండా కుండలో ఉన్నాయి చూడు! రెండూ పండినయ్యి!"

ఆయన తీశాడు. శుభ్రంగా గుడ్డ చుట్టి, ఇసుకలో భద్రంగా ఉన్నాయి. బాగా పండబెట్టిన బ్యాటరీలే అనుకున్నాడు. ఆ గుడ్డలోంచే తీగలు లాగి ముందుగదిలో చార్జరుకు తగిలించి, సందు చివరికి టీ తాగడానికి పోయాడు.

తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది. ముందు వాసన వచ్చిందట. గరిటె కింద పెట్టి వచ్చేసరికి బ్యాండేజీ నల్లబడుతోంది. పక్క వాటాలో నడవలేని ముసలాయన ఉన్నాడు. మధ్యన ఉన్నది ఒక చెక్కపలకల గోడ. గదిలో మూల గ్యాసు బండ. బయటికి పరిగెత్తే వీలుంది. ఆమె పరిగెత్తలేదు. ఇత్తడి గిన్నె బోర్లించి, ఆ మంటను పళ్లెం మీదికి తోసుకుని, రెండు చేతుల్తో పట్టుకుని వీధి గుంతలోకి మోసింది. అదే గుంత, ఆమె కారు మొదటిసారి నాకు కనిపించిన చోటు. మోసినంత దూరం ఆ పొగ ఆమె మొహం మీదే ఉంది.

నేను వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని టీ తాగుతోంది. చేతులకు కొంచెం కాలింది, అంతే. సందంతా చుట్టూ చేరి, దేవుడి దయ, ఏమీ కాలేదు అంటున్నారు. సెక్రటరీగారు చెమట తుడుచుకుంటూ "ఏం కాలేదప్పా, ఏం కాలేదు" అని అందరికీ చెబుతున్నారు. సిస్టరమ్మ అందరికీ నవ్వుతూ తల ఊపి, నన్ను దగ్గరికి పిలిచింది. నా చెవికి మాత్రం వినబడేట్టు అంది.

"నా రెండు చీరలు, దుప్పటి సంచిలో పెట్టు. ఆస్పత్రికి పోవాలి."

"ఏమైనాది? బాగుండారు గదా?"

"ఇప్పుడు బాగున్నాను. రేపటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇలాంటి పొగ తాగినవాళ్లని చూశాను. మొదటి రోజు అందరూ ఇలాగే నవ్వుతారు." ఆమె టీ పూర్తి చేసి గ్లాసు కడిగి బోర్లించింది. "పొయ్యి మీద పప్పుంది. మాడనివ్వకు."

ఆ మెట్ల మీద ఆమె పక్కన నిలబడిన క్షణంకన్నా భయంకరమైంది నేను చూడలేదు. అందరూ గండం గడిచిందని ఇళ్లకు పోతున్నారు. ఆమె ఒక్కతే తన లోపల ఏం మొదలైందో వింటూ కూర్చుంది.

ఆస్పత్రిలో ఆమె చెప్పినట్టే జరిగింది. మర్నాటికి మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగేది. బయట బెంచీ మీద సెక్రటరీగారు కూర్చుని ఉంటే నేనే వెళ్లి అడిగాను. ఆయన నోటితో ఆయన చెప్పింది ఇది:

"ఆమే చెప్పిందప్పా, రెండూ పండినాయి అని. పండినాయి అంటే ఏం? పండబెట్టిండేవి అనే గదా? అందుకే చార్జికి పెట్టితిని. బాగా గుడ్డ సుట్టి పెట్టిండాది, మంచివే అనుకొంటిని."

"ఆమె అనిండేది కురుపు పండినట్ల పండినాయి అని, సార్."

"అయ్యో దేవరే" అని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అది నిజమైన ఏడుపే. నేను కాదనను. ఆ రోజు ఆయన మీద నాకు కోపం లేదు.

సిస్టరమ్మకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విని, ఆక్సిజను మాస్కు కాస్త ఎత్తి అంది. "తోక తగిలించడం మర్చిపోయాన్రా. మా పండడం అనాల్సింది." మాస్కు పెట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్లీ ఎత్తి అంది. "తప్పు మాటది. మనిషిది కాదు. వాణ్ణేమీ అనకు. ఆ నీలం తొడుగువి మాత్రం ఎవరిళ్లలోనూ ఉండనివ్వకు."

ఆమె ఎక్స్‌రే వచ్చింది. చూడాలని పట్టుబట్టింది. కిటికీ వెలుతురుకు నేను పట్టుకున్నాను. రెండు వైపులా నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మంచు దిగినట్టుంది. ఆమె పక్క మంచం రోగిది చూసినట్టు తాపీగా చూసింది.

"పారేయకు. కొలత సరిపోతుంది" అంది.

నవ్విందో దగ్గిందో నాకు తెలియలేదు. అదే ఆమె నాతో ఆడిన చివరి హాస్యం.

సమాధి దగ్గరికి సెక్రటరీగారు అందరికన్నా పెద్ద దండ తెచ్చి, అందరికన్నా వెనక నిలబడ్డారు. ఆ సాయంత్రమే గ్రూపులో ఆ సందేశం. నేను ఫోను చేశాను.

"ఇప్పుడు అదంతా ఎందుకప్పా? పోయినామె తిరిగి వస్తాదా? అంగడి పేరు పోతాది. నాకు పిల్లోళ్లు ఉండారు."

"ఆ సరుకు కొనినోళ్ల ఇండ్లల్లోనూ పిల్లోళ్లు ఉండారు గదా సార్?"

ఫోను పెట్టేశారు. ఆ తర్వాత ఎత్తలేదు.

సిస్టరమ్మ చెప్పింది నిజమే. ఆ ఆదివారం తప్పు మాటది. ఒకే భాష రెండు ఇళ్లలో రెండు అర్థాలై కూర్చుంటే ఎవరిని కొడతాం? కానీ బుధవారం రాసిన సందేశం మాటతప్పు కాదు. అందులో ప్రతి అక్షరానికీ ఒకటే అర్థం ఉంది. బతుకంతా ఒక్క మందు మోతాదైనా మర్చిపోని మనిషిని మతిమరుపు మనిషిని చేశారు. అది కూడా మింగి ఊరుకునేవాణ్ణి. కానీ నీలం తొడుగు బ్యాటరీలు ఇంకా మీ ఇళ్లలో ఉన్నాయి. పిల్లల మంచాల కింద, పుస్తకాల అరల్లో, టీవీ వెనక. "ముసలావిడ మరిచిపోయింది" అని చదివినవాళ్లు, మేం మరిచిపోం కదా అనుకుని వాటికి చార్జి పెడుతున్నారు. మొన్న మా సందులో ఒక ఇంటి కిటికీ పక్కనుంచి పోతుంటే సన్నగా పనసపండు వాసన వచ్చింది. తలుపు కొట్టాను. మా ఇంట్లో ఏ పండూ లేదే అన్నారు. ఆ ఇంట్లోనూ పందెం కారొకటి ఉంది, అందులో నీలం తొడుగు బ్యాటరీ. ఆ బ్యాటరీ ఇప్పుడు నా ఉప్పునీళ్ల బకెట్లో ఉంది. మిగతావి ఎక్కడున్నాయో అమ్మినాయనకు మాత్రమే తెలుసు.

ఈ ఆదివారం క్లబ్బు సిస్టరమ్మ పేరు మీద ర్యాలీ పెడుతోంది. అన్నిటికన్నా ముందు ఆమె కారు పరిగెత్తాలట, ఇవ్వమని కబురు పంపారు. సిద్ధం చేశాను. కుదుపు గొట్టాల్లో నూనె మార్చాను, బుడగ లేకుండా. గ్లవుజు వేళ్లు కొత్తవి తొడిగాను. అడుగు రేకు చిరిగిపోయి ఉంది, మార్చాను. ఆమె చెప్పిన కొలత నిజంగానే సరిపోయింది.

సెక్రటరీగారూ, ఇక మీతో. మీరు ఏ మాట విన్నారో, విని ఏం చేశారో, అదే గ్రూపులో మీ పేరుతో రాయాలి. మతిమరుపు అన్న సందేశం తీసేయాలి. నీలం తొడుగు బ్యాటరీ కొన్న ప్రతి ఇంటికీ మీరే ఫోను చేసి వాటిని బయటికి తీయించాలి. శనివారం దీపాలు పెట్టే వేళ దాకా ఆమె వరండాలో, ఆ ఖాళీ కుండ పక్కన కూర్చుని ఉంటాను. మీ జవాబు అక్కడికి రావాలి.

రాకపోతే ఆదివారం కారు తీసుకుని నేనే వస్తాను. అందరూ చేరాక, జెండా ఊపకముందే, మొదటి గీత మీద దాన్ని వెల్లకిలా పెడతాను. ఎండకు పట్టి చూడండి. ఆ తెల్లటి మంచు కింద ఉన్నవి సిస్టరమ్మ ఊపిరితిత్తులు. వాటి మీంచి మీ పందెం ఎలా నడుస్తుందో అక్కడే నిలబడి చూస్తాను.